ఒక బోరు, రెండు పేర్లు

పన్నెండు పైపులు పైకి వచ్చాయి. పన్నెండోదాని చివర మోటారు లేదు.

రెంజల్ చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా బోరు మోటార్లు దించుతున్నాను. ఏ బోరులో ఎన్ని పైపులున్నాయో నా తలలోనే ఉంటుంది. ఆరో తరగతిలో బడి మానేసినవాడికి ఇంకేం ఆస్తి ఉంటుంది? నా బిడ్డ సుమన దాన్నీ నాకు మిగల్చలేదు. నెల రోజులు కూర్చోబెట్టి, ఒక్కో రైతు పేరు చెప్పి, వాళ్ల బోరు వివరాలు అడిగి ఫోన్‌లో ఎక్కించింది.

ఈ బోరు రాజేశ్వర్‌ది, ఆయన తమ్ముడి భార్య వసంతమ్మది. పొత్తు. ఇద్దరి వరీ పొట్ట మీద ఉంది, ఇప్పుడు నీళ్లు ఆగితే గింజ పట్టదు. దించిన పైపులు పన్నెండే అయితే మోటారు ఒక్కటే లోపల పడింది. ఎక్కువైతే దాని మీద పైపు నిలబడి ఉంది. రెంటికీ కొక్కేలు వేరు. తప్పు కొక్కెం వేస్తే మోటారు ఇరుక్కుపోతుంది, బోరు పోతుంది.

"సూడు బిడ్డా, ఎన్ని రాసినవ్?"

"రాజేశ్వర్ పేర పన్నెండు. వసంతమ్మ పేర పదహారు." సుమన తలెత్తింది. "గిది ఒక్కటే బోరా బాపూ? రెండనుకొని ఏరే ఏరే దినాలల్ల అడిగిన. రెండుసార్లు నువ్వే చెప్పినవ్."

"నేనెందుకు చెప్త? నువ్వే తప్పు రాసినవ్."

"నీ ముంగటనే రాసిన."

నాకేమీ అర్థం కాలేదు. రెండు లెక్కలూ నిజమే అనిపించాయి.

రాజేశ్వర్ గట్టు మీద నుంచి అన్నాడు: "బోర్లన్ని నీ తలకాయల ఉన్నయంటివి గదా కాశయ్యా. ఏ మూలకున్నయో ఎతుకు."

ఎంతసేపు వెతికినా దొరకలేదు. "నాకు యాదికి లేదు" అన్నాను. ఆ మాట ఇంతకుముందు ఏ పొలంలోనూ అనలేదు.

"పద్నాలుగు" అంది రాజేశ్వర్ వెనక నిలబడ్డ వసంతమ్మ. "దించిననాడు ట్రాక్టర్ కాడికెల్లి మోసింది నేనే గదన్నా."

"మరి ఇంతసేపు చెప్పవేందమ్మా!" అన్నాను.

"నన్నెవలు అడిగిండ్రు?"

పైపును పట్టే కొక్కెం దించాను. మూడోసారికి కొక్కేనికి పైపు చిక్కి, పైన గొలుసు బిగిసింది. రెండు పైపులు వచ్చాయి, రెండోదాని కింద మోటారు.

సుమన ఫోన్‌లో ఆ రెండు వరుసల్నీ ఒకటి చేసి, రెండు పేర్లూ అందులోనే పెట్టింది. పైపులు పద్నాలుగు. పక్కన కొత్తగా ఒక గడి తెరిచింది: చెప్పింది ఎవరు. అందులో వసంతమ్మ అని రాసింది.

మిగతా రెండు వందల బోర్లకూ ఆ గడిలో నా పేరే పడింది. వాటిలో ఎన్ని నిజమని అడిగింది సుమన. ఫోన్ చేతిలోకి తీసుకుని, మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాను.