కడుక్కొచ్చిన కాళ్లు

పవిత్ర గురువారం సాయంత్రం మా చర్చిలో పన్నెండు కుర్చీలు వేస్తారు. ఆనాడు యేసు శిష్యుల కాళ్లు కడిగాడు కాబట్టి ఫాదర్ గారు పన్నెండు మంది మగవాళ్ల కాళ్లు కడుగుతారు. ఏళ్ల తరబడి ఆ పన్నెండు మందీ మేమే. ఎవరైనా పోతే తప్ప కుర్చీ ఖాళీ కాదు. ఫాదర్ చేతికి మట్టి అంటకూడదని ఇంట్లోనే వాసన సబ్బుతో తోముకుని మరీ వస్తాం.

"కడిగిన కాళ్లే మల్ల కడిగిచ్చుకునుడు ఏం సంబురమో," అంటుంది నా భార్య జ్యోతిరాణి. బొగ్గుబాయి నుంచి నేను రిటైరయ్యాను గానీ ఆమె నోరు ఇంకా డ్యూటీలోనే ఉంది. ఆడవాళ్ల కాళ్లూ కడగొచ్చని పోప్ గారు ఎప్పుడో చెప్పారు, ఆ మాట మా కాలనీ దాకా రాకుండా ఆపిందెవరని ఆమె ప్రశ్న. ఎవరో అందరికీ తెలుసు. మా ఉపదేశి దేవదాస్. ఫాదర్ లేనప్పుడు ప్రార్థన నడుపుతాడు, ఉన్నప్పుడు ఫాదర్‌ను నడుపుతాడు.

ఈ ఏడు కొత్త ఫాదర్ వచ్చారు. ఒక ఆదివారం పూజయ్యాక అందరినీ కూర్చోబెట్టి, మన చర్చిలో ఏం మారాలో భయపడకుండా చెప్పమన్నారు. అందరం చాపల అల్లిక చూస్తూ కూర్చున్నాం. జ్యోతిరాణి లేచింది.

"ఆడోళ్ల కాళ్లు సుత కడగాలె ఫాదర్."

దేవదాస్ నవ్వాడు. "ఫాదర్‌తోని కాళ్లు పట్టిచ్చుకుంటరా అక్కా మనాడోళ్లు? పాపమని ఎనుకకు జరుగుతరు."

"ఆరుగురిని నేను పట్కొస్త. ఒక్కలు ఎనుకకు జరిగినా మల్ల గీ ముచ్చట ఎత్తను."

ఫాదర్ సరేనన్నారు. ఆరుగురు మగవాళ్లను తగ్గించాల్సి వస్తే దేవదాస్ మొదట తీసింది నన్నే.

రోడ్డు దుమ్ముతోనే వస్తానని కాలనీ అంతా చాటిన జ్యోతిరాణి, ఆ గురువారం మధ్యాహ్నమంతా బాత్రూంలో మడమలు రాయితో రుద్దుతూనే ఉంది. నేనేమీ అనలేదు. రాత్రికి అన్నం తినాలి కదా.

సాయంత్రం మగవాళ్ల వంతు అయిపోయింది. ఆడవాళ్లలో మొదటి కుర్చీ జ్యోతిరాణిది. ఫాదర్ చెంబు పట్టుకుని ఆమె ముందు మోకాళ్లూనారు. అంతే, ఆమె కాళ్లు చటుక్కున కుర్చీ కిందికి పోయాయి, చేతులు ఫాదర్ పాదాలకు దండం పెట్టబోయాయి. అది చూసి మిగతా అయిదుగురూ కాళ్లు చీర కుచ్చిళ్లలోకి లాక్కున్నారు.

"యేసు కాళ్లు కడగబోతే పేతురు సుత ముందుగాల వద్దన్నడమ్మా," అన్నారు ఫాదర్ మెల్లగా. ఆమె కాలు ముందుకు రాలేదు. కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి. అంత నోరున్న మనిషి అలా ముడుచుకుపోతే చూడలేకపోయాను. పక్కన దేవదాస్ ముసిముసిగా నవ్వుతున్నాడు.

లేచి వెళ్లాను. "జర జరుగుండ్రి ఫాదర్," అని ఆమె ముందు కూర్చుని, కాలు పట్టుకుని పళ్లెంలో పెట్టాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ కాలు పట్టుకోవడం అదే మొదలు. ఎంత రుద్దినా పోని పగుళ్లు నా బొటనవేలికి గీసుకున్నాయి. ఫాదర్ నీళ్లు పోశారు. పక్క కుర్చీల్లో కాళ్లు ఒక్కొక్కటే చీర అంచు దాటి బయటికి వచ్చాయి.

జ్యోతిరాణి నా చెవి దగ్గరికి వంగింది.

"ఫికర్ చెయ్యకు. ఇంటికాన్నే కడుక్కొచ్చిన."