కళ్లు పెట్టని పటం

మంగళవారం పొద్దున పటంలో మూడో గడి నుంచి నెత్తురు కారుతోంది. పటాలు గీసే నకాషీ గట్టయ్య దాని కింద సత్తు గిన్నె పెడతాడు. ముందు రంగే జారుతోందనుకుంటాడు. వేలితో అద్ది వాసన చూస్తాడు. తాను వాడే ఎరుపు చింతగింజల జిగురు వాసన వేస్తుంది. ఇది అప్పుడే నూరిన కొడవలి వాసన వేస్తోంది.

గిన్నె నిండినప్పుడల్లా అతని భార్య లచ్చవ్వ దాన్ని ఎత్తుకుపోయి బంతి చెట్లకు పోసి వస్తుంది.

తప్పు గట్టయ్యదే. కళ్లు పెట్టనిదే పటాన్ని పరాయి మనిషి కంట పడనివ్వకూడదు. బొమ్మలన్నీ గీసి, రంగులు నింపి, అన్నిటికన్నా చివర పూజ చేసి కళ్లలో నల్లచుక్కలు పెడతారు. అందాకా బొమ్మ గుడ్డిది. గుడ్డి బొమ్మను చూసినవాడు ఊరుకోడు, తన కళ్లు దానికి పెట్టేస్తాడు. తండ్రి ఈ మాట వందసార్లు చెప్పాడు. అయినా నిన్న ముసురుకు జిగురు ఆరక, కాస్త గాలి తగులుతుందని గట్టయ్య తలుపు బార్లా తీసి పెట్టాడు. వాకిట్లోంచి పోయినవాళ్లంతా చూసిపోయారు.

పటం కల్లు గీసే కుటుంబాలది. పదమూడు గజాల గుడ్డ మీద వాళ్ల పెద్దల కథ. మూడో గడిలో తాటిచెట్టు కింద ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు వెల్లకిలా పడి ఉన్నాడు, చెట్టెక్కే మోకు నడుముకు బిగిసి ఉంది. అన్న వంగి, గీత కత్తిని ఆ మోకు మీద ఆనించాడు. అన్న పిల్లల పిల్లలు మీదివాడలో ఉంటారు, తమ్ముడి పిల్లల పిల్లలు కిందివాడలో. అన్న ఆ కత్తి ఎందుకు తీశాడన్న దాని మీద మూడు తరాలుగా రెండు వాడలకూ మాటల్లేవు.

కిందివాడ కిష్టయ్య వస్తాడు.

"రా బావా, కూసో" అంటాడు గట్టయ్య.

కిష్టయ్య కూర్చోడు. గడి ముందు నిలబడి తల పంకిస్తాడు. "మా తాతను పండవెట్టి కోస్తున్నడు. మంచిగనే గీసినవ్ గట్టయ్యా. కండ్లు మాత్రం మీదికి వెట్టు. సచ్చెటోడు సంపెటోని మొకం దిక్కు చూడాలె. లేకుంటే నీ బొటనవేలు మాది."

ఆ మాట అని, తాటికాయలోంచి ముంజను తీసినట్టు, బొటనవేలితో తన కుడికన్ను తీసి పడి ఉన్న తమ్ముడి ముఖానికి అతికిస్తాడు. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. కన్ను నిలుస్తుంది, ఒకసారి రెప్ప ఆర్పుతుంది.

ఇప్పుడు కిష్టయ్య తాటిచెట్టు కింద నుంచి చూస్తున్నాడు. "వస్తున్నది కత్తి" అంటాడు. అంగీ చిరుగుతుంది, దాని కింద నడుము చిరుగుతుంది, సరిగ్గా మోకు వెడల్పున. అతను తువ్వాలతో పేగులను లోపలికి నొక్కిపట్టుకుంటాడు. "నేను చెప్పలే?" అంటాడు, పందెం గెలిచినవాడిలా.

అంతలో మీదివాడ బొందయ్య వస్తాడు. కిష్టయ్యకు వరసకు అన్న. అతనూ గడిని చూస్తాడు. "సూడు గట్టయ్యా, చెట్టు మీదికెల్లి వడ్డ తమ్మునికి మోకు బిగుసుకున్నది. మా తాత కోసి బతికిస్తున్నడు. కండ్లు మూసి వెట్టు, అన్న చేతిల పండుకున్నట్టు ఉండాలె. లేకుంటే నీ బొటనవేలు మాది."

తన ఎడమకన్ను తీసి, వంగిన అన్న ముఖానికి పెడతాడు. అక్కడి నుంచి చూస్తే మోకు నడుములోకి కోసుకుపోతోంది, తమ్ముడి పెదవులు నల్లబడుతున్నాయి. బొందయ్య మొలలోని కత్తి తీసి కిష్టయ్య పక్కన మోకరిల్లుతాడు.

"ఊపిరాడ్తలేదు తమ్మీ నీకు. జర ఓపిక వట్టు."

కోస్తాడు. ఇంకోసారి కోస్తాడు. "తెగుతలేదు ఈ ముదనష్టపు మోకు" అని ఏడుస్తూ మళ్లీ కోస్తాడు. తమ్ముడి తల కింద తన చెయ్యి పెట్టి మరీ కోస్తాడు. కిష్టయ్య కూడా కత్తి లాగి, అందిన చోటల్లా పొడుస్తుంటాడు. బొందయ్య ఓర్చుకుంటాడు. బతికించేటప్పుడు మనిషి కొట్టుకోవడం మామూలే.

పొద్దెక్కేసరికి రెండు వాడలూ వాకిట్లో ఉంటాయి. ముఖాల మీద చోటు చాలక కళ్లను తాటిచెట్టుకు పెడతారు, కల్లు కుండకు పెడతారు, కత్తికి కూడా పెడతారు. కుండలోంచి చూసినవాళ్లకు అది తాగి చేసిన కొట్లాట. చెట్టు నుంచి చూసినవాళ్లకు అది చెట్టు కోసం జరిగిన కొట్లాట. ఎవరికి కనిపించింది వాళ్లు వాకిట్లో చేస్తుంటారు. ఒక చెవి గడప మీద వచ్చి పడుతుంది. లచ్చవ్వ దాన్ని చీపురుతో పక్కకు తోస్తుంది.

"నీకేం కనవడ్తున్నది?" అని ఆమెను అడుగుతాడు గట్టయ్య.

"వంగింది మంత్రసాని. అది మోకు గాదయ్యా, బొడ్డుపేగు. ఆడ పండుకున్నది నేను."

ఇరవై రెండేళ్ల కింద ఆ ఇంట్లోనే ఆమె కన్నది. బిడ్డ ఏడవలేదు.

"మరి నీ కన్ను పెట్టవా?"

"నాకు ఈడికెల్లే కనవడ్తది."

ఎండ నడినెత్తికి వస్తుంది. కిష్టయ్య, బొందయ్య గట్టయ్య కుడిచెయ్యి పట్టి సుద్ద నూరే రాయి మీద పెడతారు. చెరో పక్క నుంచి కత్తులు బొటనవేలి మొదట్లో ఆనిస్తారు. ఆ వేలు లేకపోతే కుంచె నిలవదు, కుంచె నిలవకపోతే పటం ఎప్పటికీ గుడ్డిదే.

"నువ్వు గీసిందేంది? సంపుడా, బతికిచ్చుడా?" అంటాడు బొందయ్య.

గట్టయ్య నిజంగానే గడి వైపు చూస్తాడు. పొద్దున్నుంచీ అతనికి కనిపిస్తున్నది ఒక్కటే. గడిలోని కత్తి అంచు దగ్గర, గుడ్డకు పూసిన సుద్ద పలచగా పడి, పోగులు బయటికి కనిపిస్తున్నాయి.

"ఇద్దరు మనుషులను గీసిన. ఒక మోకు గీసిన, ఒక కత్తి గీసిన. ఎందుకన్నది గీసే రంగు నా తాన లేదు."

"గీసినోనికే తెల్వకుంటే ఎవనికి తెలుస్తది?" అంటాడు కిష్టయ్య. "తెలిసే దాస్తున్నడు."

"దాస్తున్నడు" అని ఒప్పుకుంటాడు బొందయ్య. మూడు తరాల్లో రెండు వాడలకూ కుదిరిన మాట ఇదొక్కటే.

గట్టయ్య ఎడమచేత్తో ఉడుత వెంట్రుకల కుంచె తీసి నలుపులో ముంచుతాడు. పటంలో ఇంక కళ్లు పెట్టే చోటు మిగల్లేదు. మిగిలిన చోటు తన బొటనవేలి గోరు. దాని మీద చుక్క పెడతాడు.

రెండు కత్తులూ ఒకేసారి దిగుతాయి. వేలు ఎగిరిపడి, వాకిట్లో దొర్లి, కన్ను పైకి వచ్చేలా ఆగుతుంది.

"నిన్నే చూస్తున్నది, సంపినోడా" అంటాడు కిష్టయ్య.

"నిన్నే తమ్మీ. నీళ్లడుగుతున్నది" అంటాడు బొందయ్య.

లచ్చవ్వ వచ్చి వేలిని ఒళ్లోకి తీసుకుంటుంది. కొంగు పోగు తెంపి తెగిన చోట ముడి వేస్తుంది, నెత్తురు తుడుస్తుంది, రొమ్ముకు అదుముకుంటుంది. వేలు ఏడుస్తుంది. ఇరవై రెండేళ్ల పాలు ఒక్కసారే దిగుతాయి. పటం నుంచి కారే నెత్తురు ఆగిపోతుంది. గట్టయ్య మొండిచేత్తో గిన్నెను పక్కకు జరుపుతాడు.

పొద్దు వాలే వేళకు బొటనవేలికి అయిదు చిన్న వేళ్లు మొలుస్తాయి. ప్రతి గోటి మీదా ఒక మూసిన రెప్ప. వాకిట్లో కొట్లాట నిలుస్తుంది. పురుడు జరిగిన ఇంటికి వచ్చినట్టే అందరూ వరసగా నిలబడతారు, ఎవరి పేగులు వాళ్లు పట్టుకుని, తెగిన చేతుల్ని చంకలో పెట్టుకుని.

"ఎవని పోలిక?" అని వెనకనుంచి ఎవరో అడుగుతారు.

కిష్టయ్య తడిమి చూస్తాడు. "మా తాత గదుమ."

బొందయ్యా తడుముతాడు. "మా తాత ముక్కు. కాదన్నోడు ముందటికి రావాలె."

కత్తులు మళ్లీ పైకి లేస్తాయి.

"జర ఆగుండ్రి. ఇంక కండ్లే తెరువలే" అంటుంది లచ్చవ్వ.

గట్టయ్య కూడా వంగి చూస్తాడు. పోలిక అతనికి తెలియదు. వేలిబిడ్డ చెంప మీద ఒకచోట చర్మం పలచగా పడి, కింద గుడ్డ పోగులు కనిపిస్తున్నాయి. అతను సుద్దగిన్నె అందుకుంటాడు. కానీ ఆ పోగుల అవతలి పక్క నుంచి అప్పటికే ఎవరో కుంచెతో ఆ చోటే పూస్తున్నారు. నింపాదిగా, బలంగా పడుతున్న ఆ ఒత్తిడి తన చేతిదేనని గట్టయ్య గుర్తుపడతాడు. బొటనవేలు ఉన్న చెయ్యి అది.