వెనక సీటు మీద నల్లటి ఖాళీ

కారు అద్దం మీద బ్లేడు ఆడిస్తూనే ఆమె గోడ గడియారం వైపు చూసింది. తొమ్మిదీ నలభై. పదకొండింటికి కారు యజమానురాలు వస్తుంది. ఒంటరిగా కాదు, పోలీసుని వెంటబెట్టుకుని.

షెడ్డు నాన్నది. అందరూ ఆయన్ని మేస్త్రీ అంటారు. కార్లకు రంగు వేయడంలో ముప్పై ఏళ్ల చెయ్యి. అంతటి మనిషీ నిన్న సాయంత్రం ఐదింటికి పక్కనున్న వ్యాను తలుపుకి స్ప్రే గన్నుతో తెల్ల రంగు కొడుతూ, ఈ కారు అద్దాలు రెండు వేళ్ల మేర దించి ఉన్నాయన్న సంగతి మరిచిపోయాడు. లోపలి ముక్క వాసన పోవాలని దించింది ఆయనే. రంగు పొగలా లేచి, ఆ సందుల్లోంచి దూరి, నల్లటి డాష్‌బోర్డు మీదా స్టీరింగు మీదా సీట్ల మీదా పిండి జల్లినట్టు పడి గట్టిపడింది.

లోపల శుభ్రం చేసే పని కూతురిది. సబ్బునీళ్లు చిమ్మడం, మైనంలాంటి క్లే ముద్దతో మెల్లగా రుద్దడం, ముద్ద తెల్లబడితే మడిచి ఇంకో వైపు తిప్పడం. పలచటి ప్లాస్టిక్ సంచిలో చెయ్యి పెట్టి తడిమితే ఎక్కడెక్కడ గరుకు మిగిలిందో తెలుస్తుంది. థిన్నర్ పెడితే రంగు నిమిషంలో పోతుంది, దాంతోపాటు డాష్‌బోర్డూ పోతుంది. ఆ పాఠం నేర్పింది నాన్నే.

ఇవాళ ఆమె చేతులు మాత్రమే పని చేస్తున్నాయి. బుర్ర ఎనిమిదిన్నరకి వచ్చిన ఫోను దగ్గరే ఆగిపోయింది. కారావిడ వయొలిన్ విద్వాంసురాలు. వెనక సీట్లో వయొలిన్ పెట్టె మరిచిపోయాను, ఉందా అని ఆవిడ అడిగింది.

"పెట్టె సంగతి నాకు తెలీదమ్మా. మీ ఇంటి నుంచి కారు తెచ్చింది మా అల్లుడు" అన్నాడు మేస్త్రీ.

ఆ ఒక్క మాట ఆమె మొగుడి మెడకు ఉచ్చులా బిగుసుకుంది. రెండేళ్ల కిందట ఎవరివో టైర్లు ఎత్తుకెళ్లి నాలుగు నెలలు జైల్లో ఉన్న మనిషి. అప్పటినుంచీ ఒళ్లు దగ్గర పెట్టుకుని బతుకుతున్నాడు. నిన్న మూడింటికే వేరే కారు అప్పజెప్పడానికి పొరుగూరు వెళ్లి, ఇప్పుడు బస్సులో తిరిగొస్తున్నాడు.

ఫోను మోగింది. అతనే.

"నిజం చెప్పవే. నువ్వూ నేనే తీశాననుకుంటున్నావా?"

"పెట్టె చూశావా లేదా?"

"చూశా. వెనక సీట్లో ఉంది. ముట్టుకోలేదు. ఉన్నది ఉన్నట్టు తాళాలు మీ నాన్న చేతిలో పెట్టి వెళ్లా."

"నాన్న చూడలేదంటున్నాడు."

"ఇంకేం, ఆయన మాటే నెగ్గుతుంది. నేను టైర్లవాణ్ణి కదా. తర్వాతి స్టాపులో దిగిపోనా?"

"దిగితే నువ్వే తీశావని ఒప్పుకున్నట్టే."

"వస్తే లోపలేస్తారే!"

ఆమె బ్లేడు కింద పెట్టింది. "రా" అంది. అనడమైతే అంది గానీ, లోపల ఎక్కడో సన్నటి ముల్లు గుచ్చుతూనే ఉంది. ఒకవేళ తీసుంటే?

మేస్త్రీ అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. పొద్దున్నుంచి ఇది ఏడోసారి కారు దగ్గరికి రావడం.

"ఇంకా ముందు సీట్లేనా? వెనక్కి వెళ్లకు. దుప్పటి కప్పా. అది నేను చూసుకుంటా."

"నువ్వా? సీట్లు తోమే బ్రష్షు ఏ వైపు పట్టుకోవాలో తెలుసా నీకు?"

"తండ్రితో ఎకసెక్కాలా? పని చూడు" అని కసిరి, రంగులు కలిపే గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. పట్టపగలు, ఎన్నడూ లేంది, గడియ!

పదిన్నర. ఆమె వెనక తలుపు తీసి దుప్పటి లాగింది.

నల్లటి సీటంతా తెల్లటి నూగు. నడిమధ్యన మాత్రం నల్లగా, శుభ్రంగా ఒక ఖాళీ. ఒక కొస వెడల్పు, ఇంకో కొస సన్నం. అచ్చు వయొలిన్ పెట్టె.

రంగు పడ్డప్పుడు పెట్టె ఇక్కడే ఉంది. రంగు పడింది ఐదింటికి. అతను వెళ్లింది మూడింటికి. ఐదు దాటాక తాళాలు ఉన్నది ఒక్కరి దగ్గరే.

"చూసేశావా" అన్నాడు వెనక నుంచి మేస్త్రీ. ఆమె చేతిలో బ్రష్షు పెట్టాడు. "రుద్దెయ్యమ్మా. పావుగంట పని."

"పెట్టె ఏది నాన్నా?"

ఆయన నేల చూపులు చూశాడు. "దాని మీదా తెల్లగా పడింది. చూస్తే షెడ్డు పరువు పోతుందని కంగారులో థిన్నర్ గుడ్డ పెట్టా. పైతోలు జిగురైపోయి ఊడొచ్చింది. వయొలిన్‌కేం కాలేదు. రంగుల గదిలో అటక మీద దాచా."

"థిన్నర్ పెట్టొద్దని చెప్పే నువ్వా? సరే, అతని పేరెందుకు చెప్పావు?"

"నోటికొచ్చేసింది. వాడికి ఇప్పటికే ఒక మచ్చ ఉంది. నాకు ఒక్కటీ లేదు."

బయట కారు ఆగిన చప్పుడు. మేస్త్రీ బ్రష్షు లాక్కోబోయాడు. ఆమె దాన్ని బురదనీళ్ల బకెట్లోకి విసిరి, తలుపుకి అడ్డంగా నిలబడింది. "ఈ సీటు మీద ఎవరి చెయ్యీ పడదు. నీదైనా సరే."

కారావిడ, పోలీసాయన లోపలికి వచ్చారు. వాళ్ల వెనకే, బస్సు దిగి పరిగెత్తుకొచ్చిన మొగుడు గేటు దగ్గర ఆగిపోయాడు.

"నువ్వేనా టైర్లవాడివి?" అన్నాడు పోలీసాయన.

"ముందు ఇటు చూడండి" అందామె గట్టిగా. పక్కకి జరిగి వెనక సీటు చూపించింది. మూడు గంటలు, ఐదు గంటలు, రెండు ముక్కల్లో చెప్పింది. తాళాలు ఎవరి దగ్గరున్నాయో మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు. గదిలో అటక మీది సామాన్లు కదిలిన చప్పుడైంది. మేస్త్రీ బయటికొచ్చాడు, తోలూడిన పెట్టెను పసిబిడ్డలా రెండు చేతుల మీదా మోస్తూ.

"దాచింది నేనే. అల్లుడికి ఏ పాపం తెలీదు" అన్నాడు.

కారావిడ పెట్టె లాక్కుని తెరిచి, ఒక తీగ మీటింది. అది పలికింది. ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

మొగుడు మాత్రం గేటు దాటలేదు. పెళ్లాన్నే చూస్తున్నాడు. ఆమె దగ్గరికెళ్లింది.

"నన్నెప్పుడు నమ్మావు? దుప్పటి తీయకముందా, తీశాకా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"తీశాకే."

అతను గేటు మీద చెయ్యి వేశాడు.

"రమ్మంది మాత్రం అంతకు ముందేగా" అని, గేటు దాటి లోపలికొచ్చాడు.