మూడో చీటీ

తెరెక్‌బాష్ అనే కొండ ఊళ్లో లైబ్రరీ పొద్దున ఎనిమిదింటికి తెరుచుకునేది. కాలిమా ముందు పొయ్యిలో బొగ్గు వేసేది, టీకి నీళ్లు పెట్టేది, ఆ తర్వాత కిటికీ పక్కనున్న ఓటు పెట్టె మీద దుమ్ము తుడిచేది. కొండ దేవదారు చెక్కతో చేసిన పాత పెట్టె అది. జిల్లా కేంద్రంలో కాగితాన్ని మింగి లెక్క చెప్పే యంత్రాలు వచ్చినా ఊరి సొంత ఓట్లకి ఇంకా ఈ పెట్టెనే వాడేవాళ్లు. పదిహేనేళ్లుగా పెట్టె కాపలా, లెక్కింపు రెండూ కాలిమావే. ఆమె చేతిలో ఒక్క చీటీ కూడా తారుమారు కాదని ఊరంతటికీ నమ్మకం.

ఆ పెట్టెలో పడిన చీటీని ఎప్పుడు విప్పినా, వేసినవాళ్ల గొంతుతో మాట్లాడేది. వేసే క్షణాన వాళ్ల మనసులో ఏముందో అదే చెప్పేది. అందుకే లెక్కపెట్టేవాళ్లు చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లు. రహస్య ఓటు రహస్యంగానే ఉండాలి కదా. దూది ఆసుపత్రి నర్సు పంపేది.

ఆ ఏడు ఓటు పెట్టడానికి కారణం మాంసం కొట్టు దోల్దోష్. అంతకు ముందు శరత్కాలంలో ఎవరో ఊరివాళ్ల ఫోను గ్రూపులో గాడిద తల ఫోటో పెట్టి, ఇది దోల్దోష్ పెరట్లో దొరికిందని, గొర్రె మాంసమని మనకి అమ్మేది దీన్నేనని రాశారు. గంట తిరక్కుండా రెండొందల మంది బజారులో పోగయ్యారు. కొట్టు తగలబడింది. లోపల కత్తులు తెచ్చుకుందామని వెళ్లిన దోల్దోష్ ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. ఆ ఫోటో ఎక్కడో వేరే దేశంలో, ఎప్పుడో తీసిందని వారం తర్వాత తేలింది. అప్పుడు అందరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్లి దోల్దోష్ దగ్గర మాంసం కొన్నారు. క్షమాపణ మాత్రం ఎవరూ అడగలేదు.

సగిన్‌బాయ్ అప్పటికి ఊరి ఉపాధ్యక్షుడు. ఒకప్పుడు పశువుల డాక్టరు. పశువుతో మాట్లాడినట్టే మనుషులతోనూ మెల్లగా, వీపు నిమురుతున్నట్టు మాట్లాడేవాడు. క్లబ్బు హాల్లో సభ పెట్టి చెప్పాడు.

"ఎక్కడో రాజధానిలో కూర్చున్నవాడు మన ఇంటర్నెట్ కట్టేస్తే మనకి ఒళ్లు మండుతుంది. వదిలేస్తే ఇదిగో, దోల్దోష్ చెయ్యి చూడండి. అందుకని తాళం మన దగ్గరే పెట్టుకుందాం. ముగ్గురిని ఎన్నుకుందాం. గొడవ రేగినప్పుడు ముగ్గురూ 'మూయాలి' అని చీటీ వేస్తేనే మూత. ఒక్కరు వద్దన్నా లేదు. ఇంతకన్నా ప్రజల అదుపు ఏముంటుంది?"

హాల్లో చప్పట్లు మోగాయి. వెనక వరసలోంచి అక్మోల్ లేచాడు. ఎగువన మంచుగడ్డ కింది సరస్సుకి కాపలాదారు అతను. నీళ్లు పెరిగితే ఊరి గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టి హెచ్చరించడం అతని ఉద్యోగం.

"నా గుడిసెలో మామూలు ఫోను మోగదు. గిన్నె లాంటి యాంటెనా ఒకటి పెట్టారు, దాంట్లో ఇంటర్నెట్ తప్ప ఇంకోటి రాదు. మీరు మూసిన రోజునే కట్ట తెగితే నేనెవర్ని పిలవాలి? గద్దల్నా?"

"నువ్వు ఈల వేస్తే చాలు, మీ ఆవిడకి ఇక్కడ వినపడుతుంది!" అన్నారెవరో. హాలంతా నవ్వింది. సగిన్‌బాయ్ కూడా నవ్వి, "నీకు వేరే ఏర్పాటు చేస్తాంలే, అక్మోల్," అన్నాడు. ఆ మాట అక్కడితో అందరూ మరిచిపోయారు. కాలిమా కూడా.

ఓటు రోజున ఆమె 'అవును' అని వేసింది. దోల్దోష్ చెయ్యి తలుచుకునే వేసింది. సాయంత్రం లెక్కింపులో కుడిచెవి దూది జారిపోయింది. మళ్లీ పెట్టుకునేలోపు చీటీలు ఒకదాని తర్వాత ఒకటి మాట్లాడాయి.

"ఏదో ఒకటి. బస్సు వెళ్లిపోతుంది."

"మా కోడలు ఆ ఫోను వదిలితే అదే పదివేలు."

"ఆయన అవునన్నాడు, నేనూ అవునే."

"ఎటు వేసినా ఒకటే కదా."

 గొర్రెని కొనేటప్పుడు కూడా పళ్లు చూసి, నడుం తడిమి, నాలుగుసార్లు బేరమాడే మనుషులు వీళ్లు. దూది గట్టిగా కుక్కుకుని మిగతావి లెక్కపెట్టింది. 'అవును' గెలిచింది. సగానికి పైగా ఊరు అసలు రాలేదు.

ముగ్గురిలో ఒకడు సగిన్‌బాయ్, ఒకడు దోల్దోష్. మూడో మనిషిగా కాలిమాని నిలబెట్టారు. "నువ్వుంటే మాకు బెంగ లేదు కాలిమక్కా," అన్నారు బజారులో. "నువ్వు వద్దంటే ఆగిపోతుంది కదా." ఆ మాటకి ఆమె కొంచెం పొంగిపోయిన మాట నిజం.

మరుసటి ఏడాది జూన్‌లో ఎండలు మండిపోయాయి. ఎగువన తవ్వుతున్న గని వాళ్లు ఏటి నీళ్లని మళ్లిస్తున్నారని ఆడవాళ్లు కొందరు గనికి పోయే కొండ దారికి అడ్డంగా కూర్చున్నారు. ఫోన్లతో తీసిన వీడియోలు చుట్టుపక్కల ఊళ్లకి పాకాయి. ఒక గురువారం మధ్యాహ్నం సగిన్‌బాయ్ లైబ్రరీకి వచ్చాడు. వెంట దోల్దోష్.

"ఈ సాయంత్రం దాకా మూద్దాం. లేకపోతే పక్క ఊళ్ల నుంచి కుర్రాళ్లు లారీలెక్కి వస్తారు. తలలు పగులుతాయి," అన్నాడు సగిన్‌బాయ్.

"అక్కడ కూర్చుంది ఆడవాళ్లు కదన్నా. తలలెవరివి పగులుతాయి?" అంది కాలిమా.

"నా కొట్టు దగ్గర కూడా ముందు ఊరికే నిలబడ్డారక్కా," అన్నాడు దోల్దోష్.

కాలిమా గోడ గడియారం చూసింది. ఆ సాయంత్రం బడి నాటి స్నేహితురాళ్లు ఇంటికి వస్తున్నారు. నూనెలో వేయించే బోర్సోకుల కోసం పొద్దున కలిపిన పిండి గిన్నెలో ఉంది. ఈ ఎండకి పొంగి పుల్లబడిపోతుంది. వద్దంటే ఇంకో గంట వాదన. చీటీ రాసి పెట్టెలో వేసింది. ముగ్గురివీ తీసి, చెవుల్లో దూదితో చదివి, 'మూడూ మూయాలి' అని రాసి, కవరులో పెట్టి అంటించింది. సగిన్‌బాయ్ ఊళ్లో ఎవరికీ చెప్పకుండా ఇంటర్నెట్ కట్టించాడు, ఆమె ఇంటికి నడిచింది.

సరస్సు కట్ట నాలుగింటికి తెగింది.

అక్మోల్ అంతకు ముందు గంట నుంచీ ఫోనులో అరుస్తూనే ఉన్నాడు. పదకొండుసార్లు గొంతు పెట్టాడు. ఒక్కటీ గుడిసె దాటలేదు. ఇక లాభం లేదని గుర్రమెక్కి దిగువకి తోలాడు. దారిలో గుర్రం కాలు జారింది, ఫోను వాగులో పడింది, గుర్రం లేచింది, మళ్లీ ఎక్కాడు. బురద అతని కన్నా ముందు చేరింది. వంతెన పోయింది, ఏటి ఒడ్డున సగం బజారు పోయింది. నలుగురు పోయారు. అందులో దోల్దోష్ భార్య జాన్‌గిల్ ఒకతె. కొట్టు కోసం గొర్రె పేగులు కడగడానికి రోజూ ఏటికి వెళ్లేది.

మూడో రోజుకి అక్మోల్‌ని అరెస్టు చేశారు. తాగి పడుకున్నాడన్నారు. హెచ్చరిక పంపాడనడానికి ఫోను లేదు. ఆ రోజు ఇంటర్నెట్ ఎందుకు లేదంటే, తీగల్లో లోపమని సగిన్‌బాయ్ రాసిచ్చాడు. అక్మోల్ ఇంటి మీద రాళ్లు వేసినవాళ్లలో అందరికన్నా ముందు నిలబడ్డది దోల్దోష్. కాలిన చేత్తోనే వేశాడు.

సగిన్‌బాయ్ మళ్లీ లైబ్రరీకి వచ్చాడు. కూర్చోలేదు.

"ఆ కవరు ఉందా?"

"ఉంది."

"పొయ్యిలో వేసెయ్యి కాలిమా. జిల్లా నుంచి విచారణకి వస్తున్నారు. ముగ్గురం పోవడం కన్నా..." తలుపు వైపు చూశాడు. మెల్లగా అన్నాడు, "అక్మోల్‌కి మహా అయితే మూడేళ్లు. మధ్యలోనే వదిలేస్తారు. వాళ్లావిడకి నేనే ఏదో పని చూపిస్తాను. దోల్దోష్ సంగతి ఆలోచించు. తన చీటీ వల్లే జాన్‌గిల్ పోయిందని ఆ మనిషికి తెలియాలా?"

"తెలీదంటావా అన్నా?"

సగిన్‌బాయ్ టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

కాలిమా తలుపు గడియ వేసింది. కవరు చింపి మూడు చీటీల్లోంచి తన చేతిరాత ఉన్నది తీసింది. పదిహేనేళ్లలో మొదటిసారి దూది లేకుండా విప్పింది.

"వేసేసి పోదాం," అంది చీటీ, ఆమె గొంతుతో, కొంచెం విసుగ్గా. "పిండి పులిసిపోతోంది."

అంతే. గొడవ గురించి గాని, తలలు పగలడం గురించి గాని, సరస్సు గురించి గాని ఒక్క ముక్క లేదు. ఇంకేమైనా చెబుతుందేమోనని మడిచి మళ్లీ విప్పింది. అదే మాట. నాలుగోసారికి ఆమె బల్ల మీద తల పెట్టుకుంది. పొయ్యి రెండడుగుల దూరంలో ఎర్రగా ఉంది. బొగ్గు బూడిదయ్యేదాకా అలాగే కూర్చుని, మూడు చీటీలూ కొత్త కవరులో పెట్టింది.

విచారణ బడి హాల్లో జరిగింది. వచ్చిన అధికారి బెర్మెత్ అనే నడివయసు ఆడమనిషి. అక్మోల్‌ని రెండు పక్కలా పోలీసులు పట్టుకుని నిలబెట్టారు. కాలిమా లేచి కవరు బల్ల మీద పెట్టింది. బెర్మెత్ పెట్టె ఏ చెక్కతో చేసిందని అడిగింది, ఆ చెక్క సంగతి తెలిసినట్టు తల ఊపింది, "కిటికీలు మూయండి, బయట లారీల మోత," అంది. మొదటి చీటీ విప్పింది.

"గని వాళ్లకి సాయంత్రంలోగా దారి తెరిపిస్తానని మాటిచ్చాను," అంది సగిన్‌బాయ్ గొంతు.

రెండోది విప్పింది. "నలుగురు చేరితే నాకు చెయ్యి మంటపుడుతుంది. మూసేయండి. అన్నీ మూసేయండి." దోల్దోష్ హాల్లోంచి లేచి బయటికి నడిచాడు. ఎవరూ ఆపలేదు.

మూడోది విప్పింది. హాలంతా విన్నది. ఒక ముసలావిడ పక్కనామెని అడిగింది: "ఏం పిండి?"

ఆ వారమే అక్మోల్‌ని వదిలేశారు. సగిన్‌బాయ్‌ని మందలించి, జిల్లా కేంద్రంలో ఇంకా పెద్ద కుర్చీకి మార్చారు. దోల్దోష్‌ని ముగ్గురిలోంచి తీసెయ్యడానికి ఊరికి మనసు రాలేదు. కాలిమా ఉద్యోగం పోయింది, లైబ్రరీ తాళం తీసుకున్నారు. బజారులో జనానికి ఇప్పుడు తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికింది. "నలుగురి ప్రాణాలు బోర్సోకుల కింద వేయించింది," అనేవాళ్లు ఆమె వినేలా. ఆ మాట ఎక్కువగా అన్నది ఓటు వెయ్యకుండా ఇంట్లో కూర్చున్నవాళ్లే.

ఇంటర్నెట్ తాళం ఉండాలా వద్దా అని మళ్లీ ఓటు పెట్టమని ఎవరూ అడగలేదు. ఖాళీ అయిన రెండు కుర్చీలకి మాత్రం ఎన్నిక జరిగింది. సగిన్‌బాయ్ మేనల్లుళ్లు ఇద్దరూ గెలిచారు. కిందటిసారి కన్నా తక్కువ మంది వచ్చారు.

అక్మోల్ ఒకరోజు కాలిమా ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"నీకు దండం పెట్టాలో, ఉమ్మెయ్యాలో తెలియడం లేదక్కా."

"సరస్సు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావు?"

"వెళ్లను. ఆ కొండ నాకొద్దు. నేను అరుస్తుంటే నా గొంతు నా చుట్టూనే తిరిగింది. ఇంకొకర్ని చూసుకోమను."

ఇంకొకరు దొరకలేదు. మరుసటి వసంతంలో మంచు కరగడం మొదలయ్యేసరికి కాలిమా మూట కట్టుకుని ఎగువకి ఎక్కింది. సర్కారు ఉద్యోగానికి ఆమె పనికిరాదు కాబట్టి జీతం లేదు, కాగితం లేదు. కొలబద్ద చూసి రోజూ పొద్దునా సాయంత్రం ఊరి గ్రూపులో గొంతు పెట్టేది. "నీళ్లు నిన్నటి గీత దగ్గరే ఉన్నాయి." "నీళ్లు రెండు వేళ్లు పెరిగాయి, భయం లేదు." ఎవరూ జవాబివ్వలేదు. ఆమె గొంతు వినపడకుండా చాలామంది ఫోను సర్దుకున్నారని ఆమెకి తెలుసు.

ఆగస్టులో ఒక ఉదయం గొంతు వెళ్లలేదు. మళ్లీ పెట్టింది. వెళ్లలేదు. యాంటెనా తిప్పింది, తుడిచింది. దాని దీపం బాగానే వెలుగుతోంది. మళ్లీ మూశారని అర్థమైంది. చెప్పులు విప్పి బూట్లు కట్టుకుని దిగువకి బయల్దేరింది. ఆరు గంటల దిగుడు.

కొత్త వంతెన దాటి బజారులోకి వచ్చేసరికి దోల్దోష్ కొట్టు ఒక్కటే తెరిచి ఉంది. బురద కొట్టుకున్న ఆమె బూట్లు చూసి అతను కత్తి వదిలేశాడు. 

"తెగిందా?"

"లేదు. నీళ్లు మామూలుగానే ఉన్నాయి. సందేశం వెళ్లలేదు, అందుకని చెప్పడానికి వచ్చాను."

దోల్దోష్ ఊపిరి పీల్చుకుని మాంసం కొట్టే మొద్దుకి ఆనుకున్నాడు. క్లబ్బు వైపు నుంచి పాటలు వినపడుతున్నాయి.

"ఎందుకు మూశారు?"

"సగిన్‌బాయ్ కూతురి పెళ్లి. ఎవరెవరు ఏ కార్లు బహుమతిగా ఇచ్చారో వీడియోలు బయటికి పోకూడదట. రేపు తెరుస్తారు."

"నువ్వూ వేశావా చీటీ?"

"వేశాను."

"వేసేటప్పుడు ఏమనుకున్నావు?"

దోల్దోష్ వదిలేసిన కత్తి తీసి తుడిచాడు. బెంచీ ఆమె వైపు జరిపి, "కూర్చో అక్కా, టీ పోస్తాను," అన్నాడు.

వెనక్కి ఎక్కడానికి ఎనిమిది గంటలు. ఎండ ఇంకా మంచుగడ్డ మీదే ఉంది, సరస్సు దగ్గర మనిషి లేడు. కాలిమా కూర్చోలేదు.