దులపని పరుపు

స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జిలో పొద్దున్నే వినబడే మొదటి చప్పుడు పరుపులు బాదే చప్పుడు. గదులు ఖాళీ అవగానే చివరమ్మ ఒక్కో పరుపూ చుట్టి భుజాన వేసుకుని డాబా మీదికి మోసుకెళ్ళి, పిట్టగోడ మీద పరిచి, బెత్తంతో ఎడాపెడా వాయించేది. కింద టీ కొట్టు దగ్గర జనం తలెత్తి చూసి, "ఆ పరుపు ఏం నేరం చేసిందో పాపం" అని నవ్వుకునేవారు. నవ్వరూ మరి, దులపకపోతే వచ్చే తంటా వాళ్ళకేం తెలుసు!

ఆ లాడ్జిలో ఎవరు ఏ పరుపు మీద నిద్రపోతే ఆ గదిలో వాళ్ళ ఊరు దిగేది. ఊరంటే ఇళ్ళూ వాకిళ్ళూ కాదు, అక్కడి గాలీ ఎండా వానా. దేశమేమైనా చిన్నదా? ఒక కొసన ఇసుక, ఇంకో కొసన మంచు, మధ్యలో అడవులూ నదులూ నల్లమట్టి చేలూ. ఎడారి వైపు ఉన్ని వ్యాపారి పడుకుంటే తెల్లారేసరికి మంచం కింద ఇసుక మేట వేసేది. నదీ లంకల నుంచి వచ్చిన జంట గదిలో మోకాలి లోతు పొగమంచు, చెప్పులు కనబడక ఇద్దరూ తడుముకునేవారు. చీపురు అడిగేవాళ్ళు చీపురు అడిగేవారు, దుప్పటి అడిగేవాళ్ళు దుప్పటి అడిగేవారు, అంతే. కౌంటర్‌లో కూర్చునే మామయ్య మాత్రం ఎడారి వాళ్ళు దిగితే ఇంకో రోజు ఉండమని బతిమాలి ఊరికే టీ పోయించేవాడు. వాళ్ళ గదిలో తీగ కడితే ఉతికిన దుప్పట్లన్నీ క్షణంలో ఆరిపోయేవి.

పరుపు దులిపి ఎండలో వేస్తేనే ఆ ఊరు వదిలేది. ఒకసారి చివరమ్మకి జ్వరం వచ్చి ఉన్ని వ్యాపారి పరుపు అలాగే ఉండిపోయింది. దాని మీద పడుకున్న చేపల వ్యాపారి గదిలో సముద్రం దిగనేలేదు. ఇసుక గాలికి గొంతు ఎండిపోయి, మంచినీళ్ళో అని పొద్దుటిదాకా ఒకటే గోల.

ఇన్ని ఊళ్ళు దిగే ఇంట్లో చివరమ్మకి మాత్రం ఏ ఊరూ దిగలేదు.

ఆ ఊరి స్టేషన్ రైలు దారికి ఆఖరిది. ఎన్నో ఏళ్ళ కిందట ఒక రోజు బోగీలన్నీ ఖాళీ అయ్యాక కిటికీ పక్కన ఒక పసిపిల్ల నిద్రపోతూ కనబడింది. ఎక్కడ ఎక్కించారో, ఎవరు ఎక్కించారో ఎవరికీ తెలియదు. గెస్టుల్ని పిలుచుకు రావడానికి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళిన లాడ్జి యజమానురాలు పెద్దమ్మ ఆ పిల్లను చంకనేసుకుని వచ్చింది. చివరి స్టేషన్లో దొరికింది కాబట్టి చివరమ్మ. పెద్దమ్మ తమ్ముడే ఈ మామయ్య. అతనికి మాత్రం మొదటి నుంచీ "రైలు పిల్ల". "ఒసేయ్ రైలు పిల్లా, మూడో గదికి నీళ్ళు!" అంటుండేవాడు. చెడ్డవాడేం కాదు, నోరంతే.

మెట్ల కింది గదిలో పెద్దమ్మ పక్కలో పడుకుని పెరిగిన చివరమ్మ, పెద్దమ్మ పోయాక అదే పరుపు మీద ఒంటరిగా పడుకోవడం నేర్చుకుంది. జుట్టు సగం నెరిసింది. తన ఊరు ఏదో తెలుసుకుంటే చాలు, ఇంకేం అక్కర్లేదు అనుకునేది. ఖాళీ అయిన ప్రతి గదిలోనూ దులిపే ముందు కళ్ళు మూసుకుని కాసేపు నిలబడేది. ఈ చలి నాదేనా? ఈ వాన నాదేనా? ఒంట్లో ఏదీ పలికేది కాదు. గదిలో లోపముందేమోనని అన్ని గదుల్లోనూ పడుకుని చూసింది. గెస్టుల పరుపు మీద మనం ఒళ్ళు వాల్చకూడదని పెద్దమ్మ పెట్టిన కట్టుబాటు కదా, అందుకని తన పరుపు తానే మోసుకెళ్ళేది. ఎక్కడా ఏమీ దిగలేదు. నాకు ఊరే లేదని ఏడ్చి ఏడ్చి ఊరుకుంది.

ఒక ఎండాకాలం సర్వే ఆయన దిగాడు. దేశమంతా తిరిగి నేల కొలిచి, పని విరమించుకుని, ఎక్కడికి వెళ్ళాలో తోచక వచ్చాడు. ఆయన గదికి టీ ఇవ్వాలంటే గొడుగూ శాలువా రెండూ పట్టుకెళ్ళాలి. తలుపు తెరిచేసరికి వడగాలి, టీపాయి దగ్గరికి వెళ్ళేసరికి జడివాన.

"మీ ఊరు ఏది సారూ?"

"అదే తెలిస్తే ఇక్కడెందుకుంటానమ్మా? అన్ని ఊళ్ళూ కొలిచాను, ఒక్కచోటా ఉండలేదు. నా నిద్రలో అన్నీ కలగాపులగం."

వానకి తన కొలత సామాను తుప్పు పడుతోందని ఒక రోజు ఆయన మెట్ల కింది గదిలో పెట్టుకోవడానికి వచ్చాడు. లోపల అడుగు పెట్టినవాడు అక్కడే ఆగిపోయాడు. బయట వీధి పొయ్యిలా ఉంటే ఇక్కడ చల్లటి గాలి, ఆ గాలిలో నాచు వాసన.

"ఈ గదిలో ఎవరమ్మా ఉంటారు?"

"నేనే. ఇందులో ఏమీ దిగదు సారూ. మెట్ల కింద కదా, చల్లగా ఉంటుంది."

"మెట్ల చల్లదనం కాదిది. స్టేషన్ వెనక గోడౌన్లున్నాయే, అవి కట్టకముందు అక్కడ చెరువుండేది. కుర్రాడిగా ఈ ఊరు కొలవడానికి వచ్చినప్పుడు పీల్చాను. ఇది ఆ చెరువు గాలి. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళెవరో ఈ పరుపు మీద పడుకున్నారు."

చివరమ్మ పరుపు వైపు చూసింది. లోకంలోని పరుపులన్నీ బాదిన చేతులు ఆ ఒక్కదాన్ని ఏనాడూ బాదలేదు. సొంత పరుపు కదా, గెస్టుది కాదు కదా! అన్నేళ్ళూ ఆ గదిలో ఉన్నది ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పెద్దమ్మ. చేపల వ్యాపారికి సముద్రం దిగనట్టే తనకీ తన ఊరు దిగలేదు. చివరమ్మ పరుపు మీద పడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత లేచి బెత్తం తెచ్చింది. ఎత్తింది, దించింది. "దీన్ని కొడితే పెద్దమ్మ పోతుంది సారూ. నా వల్ల కాదు."

"దాన్ని కొట్టమని ఎవరన్నారు? పై గదిలో పరుపు దులిపించి పడుకోండి."

మామయ్య వింటూనే ఎగిరిపడ్డాడు. "గెస్టు పరుపు మీద నువ్వా? అక్క ఉంటే ఊరుకునేదా?" అని. అంటూనే చివరమ్మ మొహం చూశాడు. గొణుక్కుంటూ పరుపు డాబా మీదికి మోసుకెళ్ళి, జన్మలో మొదటిసారి తనే దులిపాడు. ఆ దుమ్ముకి సాయంత్రందాకా దగ్గుతూనే ఉన్నాడు.

గెస్టులంతా బజారుకి వెళ్ళిన మధ్యాహ్నం చివరమ్మ పడుకుంది. నిద్రపోయేవాళ్ళకి తమ ఊరు దిగడం తెలియదు కాబట్టి మామయ్యా సర్వే ఆయనా గుమ్మంలో స్టూళ్ళు వేసుకున్నారు. తనకోసం ఇద్దరు మెలకువగా కూర్చోవడం ఆమెకి అదే మొదలు, పాపం వెంటనే నిద్ర పట్టేసింది. ఇంతలో సర్వే ఆయన గదిలో గాలివాన లేచి తలుపులు దబదబా కొట్టుకుంటే గడియ పెట్టడానికి పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి చివరమ్మ గదిలో అడవి వాసన. చూస్తుండగానే అది పోయి గోధుమ పొట్టు ఎగిరింది. దాని వెనక నది మీది చెమ్మ, దాని వెనక నల్లమట్టి మీద కురిసిన తొలకరి, దాని వెనక ఎర్రటి ధూళి. దుప్పటి అంచు కిటికీ గాలికి కొట్టుకున్నట్టు రెపరెపలాడుతోంది.

"మీకులాగే దీనికీ కలగాపులగమేనా?" అన్నాడు మామయ్య.

"కాదండీ, ఇది వరసలో ఉంది. రైలు! పై నుంచి కిందికి దేశమంతా దాటి వస్తోంది. మొదట వచ్చిందేమిటి? అదే ఆవిడ ఊరు. మీరు చూశారుగా?"

మామయ్య స్టూలు వెనక్కి జరుపుకున్నాడు. "నాకేం తెలుసు? కునుకు పట్టింది."

ఆ మాట చివరమ్మ చెవిన పడింది. అప్పుడే లేచి కూర్చుంది. గదిలో లాడ్జి ఉన్న ఊరి ఎండే ఉంది, రైలు ఆఖరి స్టేషన్‌కి చేరిపోయింది. ఆమె జుట్టు ముడేసుకుని, స్టూళ్ళు ఎత్తి లోపల పెట్టి, మూడో గదికి నీళ్ళు పట్టుకెళ్ళింది.

ఆమె ఒక్క మాటన్నా తిట్టి ఉంటే మామయ్య తట్టుకునేవాడు. దీపాలు పెట్టే వేళకి కౌంటర్ వదిలి మెట్ల కింది గది దగ్గరికి వచ్చాడు.

"కునుకు పట్టలేదే. చెబితే వెళ్ళిపోతావని చెప్పలేదు. ఇంత కొంపలో నేనొక్కణ్ణీ ఏం చేసుకోను? మొదట మంచు రాలింది. వేసవిలో మంచేమిటని నోరు తెరిచి నాలుక మీద పట్టాను. ఉప్పగా ఉంది."

సర్వే ఆయనకి ఆ ముక్క చాలింది. మంచు కొండ తిన్నగా సముద్రంలోకి దిగే చోటు ఆయన కొలిచిన దేశం మొత్తంలో ఒక్కటే. పై కొసన, రైలు దారి మొదలయ్యే చోట.

చివరమ్మ మర్నాడే బయలుదేరింది. పెద్దమ్మ పరుపు దులపకుండానే చుట్టి, తాళ్ళు కట్టి, భుజాన వేసుకుంది. "అంత చలిలో పెద్దమ్మ గాలి ఉంటే ధైర్యంగా ఉంటుంది మామయ్యా" అంది. మామయ్య ప్లాట్‌ఫారం దాకా వచ్చి, ఇంత బరువేమిటని పరుపును తిట్టి, కిటికీ లోంచి మంచినీళ్ళ సీసా అందించాడు. రైలు కదిలాక కూడా ఏదో ఒకటి తిడుతూనే ఉన్నాడు.

సర్వే ఆయన కూడా వెళ్ళిపోయాడు. లాడ్జిలో ఇప్పుడు పొద్దున్నే పరుపులు బాదేది మామయ్యే, దగ్గుతూ. చివరమ్మ పడుకున్న పరుపుని మాత్రం దులపడు. దాన్ని మెట్ల కింది గదిలో వేసుకున్నాడు. మధ్యాహ్నం గెస్టులు బజారుకి వెళ్ళాక దాని మీద వాలతాడు. లేచేసరికి మీసాల మీద ఉప్పుంటుంది.

రద్దీ రోజుల్లో ఎవరో ఒకరు అడుగుతారు. "మెట్ల కింద గదుందిగా, అదివ్వండి. ఎవరూ ఉన్నట్టు లేరు."

"ఖాళీ లేదు" అంటాడు మామయ్య. "అందులో మా పిల్ల ఉంది."