హన్నమ్మ గారి బండ మీద నడిచిందెవరు?

పెదపాడులో హన్నమ్మ గారి పెరట్లో బట్టలుతికే బండను కొత్త కుళాయి కోసం తిరగేశారు. అడుగువైపు రాతిలో మూడేసి వేళ్ల పాదాల గుర్తులు వరసగా కనిపించాయి. కొల్లేటి పక్కన పుట్టినవాళ్లకు మూడు వేళ్లు కనబడితే చాలు, పక్షి తప్ప ఇంకోటి తోచదు. ఆదివారం చర్చి విడిచాక జనమంతా వచ్చి చూసి, నోవహు జలప్రళయం కాలం నాటి కొంగేనని తీర్మానించేశారు.

ఆవిడ మనవరాలు రమ్య ఏలూరులో జియాలజీ చదువుతోంది. ఆ పిల్లా కాస్త ఆ గాలికే కొట్టుకుపోయింది. కొంగ కాదు గానీ, కొంగలాగే రెండు కాళ్ల మీద నడిచే పాతకాలపు బల్లి జాతి అని రాసి, ఫొటోలు తీసి తమ కాలేజీ నాగేశ్వరరావు మాస్టారికి పంపింది. ఆయన మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. శనివారం వస్తాను, బండ దగ్గర ఆ అడుగులు నువ్వే చదివి చెప్పు, సరిగ్గా చదివితే నా దగ్గర రీసెర్చిలో చేర్చుకుంటాను అన్నారు. రమ్యకు ఎన్నాళ్లుగానో ఉన్న కోరిక అదొక్కటే.

శనివారం పొద్దున్నే పాలు పోయించుకుని వస్తుంటే, ఓ గేదె చెరువు గట్టు దిగి బురదలో అడ్డంగా నడిచిపోయింది. దాని వెనక పడ్డ అడుగులు చూసి రమ్య గిన్నెతో అక్కడే నిలబడిపోయింది. నాలుగు కాళ్ల గేదె, బురదలో రెండు కాళ్ల జాడ! ముందుకాలు తీసిన చోటే వెనక్కాలు వేస్తోంది మరి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కళ్ల ముందున్న సంగతే, ఒక్కనాడూ పట్టించుకోలేదు. పాలు ఒలకబోసుకుంటూ ఇంటికి పరిగెత్తింది.

ఏటవాలు ఎండలో బండ మీదికి వంగి చూసింది. ఒక్కో పెద్ద అడుగు అంచునా చిన్న చిన్న గోళ్ల గుర్తులు. ఇన్నాళ్లూ రాయి పెచ్చులూడిందనుకున్నవే. వెనకపాదం తొక్కేయగా మిగిలిన ముందుపాదం గోళ్లవి. మాస్టారికి రాసి పంపింది తప్పన్నమాట! మరుక్షణమే గంతేయాలనీ అనిపించింది. తప్పు తనదే అయినా, పట్టుకున్నదీ తనే కదా.

మాస్టారు వచ్చేసరికి పెరడంతా జనం. అందరి ముందూ తన మాట తానే కాదనాల్సి వచ్చేసరికి రమ్యకు చెవులు ఎర్రబడ్డాయి.

"నేను పంపింది తప్పండీ. ఇది నాలుగు కాళ్లదండీ. ముందుకాలి అడుగులోనే వెనక్కాలు వేసిందండీ," అంటూ ఒక్కో గోరు గుర్తునూ వేలితో చూపించింది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని బండంతా తడిమి చూశారు. కొంగ వర్గం ఊపిరి బిగబట్టింది.

"ఏ జంతువమ్మా మరి?"

"పేరు తెలీదండీ. తడి ఇసకలో తొందర లేకుండా నడిచిందండీ, అడుగుల ఎడం ఎక్కడా మారలేదు. అంతవరకే చెప్పగలనండీ."

ఆయన లేచి చేతులు దులుపుకున్నారు. "ఆ గోళ్లు నాకు ఫొటోలోనే కనబడ్డాయి. నీకు కనబడతాయో లేదోనని ఊరుకున్నాను. సోమవారం వచ్చి చేరు. పేరు ఇద్దరం కలిసి వెతుకుదాం."

రమ్య ఆనందం పట్టలేక మామ్మను వాటేసుకుని, ఏడుస్తూ నవ్వుతూ, చేర్చుకుంటానన్నారు మామ్మా అని, పక్కనే నిలబడి అంతా విన్న ఆవిడకే మళ్లీ మళ్లీ చెప్పింది.