ఊఁ కొట్టే మనిషి

మా అమ్మ స్వెట్టర్‌కి ఒక చెయ్యి మిగిల్చి పోయింది. పనులు సగంలో వదిలే మనిషి కాదు. ఆ ఒక్కటీ ఆవిడ చేతిలో లేకపోయింది.

ఆ ఊలుకి పెద్ద చరిత్రే ఉంది. మొదట నాన్న స్వెట్టర్, తర్వాత అన్నయ్యది, ఆ తర్వాత నాది. పొట్టైపోయిన ప్రతిసారీ అమ్మ దాన్ని విప్పి, గోరువెచ్చని నీళ్లలో ఉతికి, కింద బరువు కట్టి ఆరేసేది. కుక్క తోకలా వంకర్లు తిరిగిన దారం తిన్నగా అయ్యేది. నాన్న రెండు చేతులూ చాచి దారం పట్టుకుంటే తను ఉండ చుట్టేది. మా ఇంట్లో పారేయడమనే మాట బూతు కింద లెక్క. మిగిలిన ముక్కలతో గిన్నెలు తోముకునే గుడ్డలు, సీసాలకి తొడుగులు, కూరగాయల సంచులు అల్లేది. "కొనడం ఎవరికైనా వచ్చు" అనేది. మా ఆయన మొదటిసారి మా ఇంటికొచ్చి, "మీ అమ్మగారి ముందు కదలకుండా కూర్చుంటే నాకూ తొడుగు అల్లేస్తారేమో" అన్నాడు.

చివరికి ఆ ఊలు మా పిడుగు వంతుకొచ్చింది. పిడుగంటే నా కూతురు, రెండో తరగతి. ఒళ్లూ, కుడి చెయ్యీ అయ్యాయి. ఎడమ చెయ్యి మొదలుపెట్టకముందే అమ్మ పోయింది. సంచిలో ఆ స్వెట్టర్‌నీ, పక్కన నాన్ననీ మా ఇంటికి తెచ్చుకున్నాను.

నాన్న బస్సు డ్రైవర్‌గా రిటైరయ్యాడు. మొదట్నుంచీ మాట తక్కువ. "డ్రైవరుతో మాట్లాడరాదన్న బోర్డు ఇంటికి కూడా తెచ్చుకున్నారే మీ నాన్న" అనేది అమ్మ. ఇప్పుడైతే ఉలుకూ పలుకూ లేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు.

చలి మొదలైంది. పిడుగు ఒంటిచేతి స్వెట్టర్ తొడుక్కుని ఇల్లంతా తిరిగింది.

"అమ్మా, వచ్చే ఏడాదికి ఇది నాకు పట్టదు. నువ్వు అల్లుతావా, లేకపోతే ఈ చేత్తో చలిలో వణుకుతూ తిరగమంటావా?"

పిల్ల నోరు అచ్చం అమ్మమ్మ నోరే. మాటా నిజమే. భుజాల దగ్గర అప్పుడే సరిగ్గా సరిపోతోంది. ఈ చలికాలం దాటితే, అమ్మ ఎవరికోసం అల్లిందో ఆ పిల్ల ఒంటి మీదకి అది ఎక్కదు.

కూర్చున్నాను. అల్లిక నాకు అమ్మే నేర్పింది. కానీ నా చెయ్యి బిగువు. "నువ్వు అల్లినదాంట్లో నీళ్లు పోసినా కారవే" అని వెక్కిరించేది. తన కుట్లు వదులుగా, మెత్తగా ఉండేవి. అవే సూదులతో, అన్నే కుట్లతో అల్లినా ఎడమ చెయ్యి పీలగా, పొట్టిగా వచ్చింది, ఇంకో పిల్ల స్వెట్టర్ నుంచి అరువు తెచ్చినట్టు. విప్పాను. లావు సూదులు కొని మళ్లీ అల్లాను. ఈసారి ఒకచోట చేపల వల, ఒకచోట తాడు. మళ్లీ విప్పుతుంటే దారం నూగు రాలి, పలచబడి, పుటుక్కున తెగింది. ముడి వేశాను. ఇంత వయసున్న ఊలు ఇంకోసారి విప్పితే ఆగదు. అలాంటి రంగు ఇప్పుడు దొరకదు, దొరికినా అది అమ్మ చేతుల్లో తిరిగింది కాదు.

ఏడుపొచ్చింది. స్వెట్టర్ గురించి కాదు. నాకు అమ్మ చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఎలా ఆడేదో తెలిసి, కాసేపు నా చేతుల్లో ఉంటే చాలనిపించింది.

"నాన్నా, అమ్మ ఎలా అల్లేది?" అన్నాను. గోడని అడిగినట్టే అడిగాను.

చాలాసేపటికి నాన్న, "ఇలా తే" అన్నాడు. స్వెట్టర్ ఒళ్లో పరుచుకుని వేలితో తడిమాడు. "ఇక్కడ చూడు."

నడుము దగ్గర నాలుగు వేళ్ల వెడల్పున కుట్లు బిగుసుకుని ఉన్నాయి, అచ్చం నా కుట్లలాగే. ఇన్నాళ్లూ అది డిజైనే అనుకున్నాను.

"అవి అల్లినప్పుడు మీ అమ్మ నాతో మాటలు మానేసింది. చెవి మిషన్ పెట్టుకోనన్నానని. నేను ఊరికే ఊఁ కొడుతున్నానట. విని కొట్టాలట."

"వినేవాడివి కాదా?"

"సగం. తను మాట్లాడుతూ అల్లేది, నేను ఊఁ అనేవాణ్ణి. నోరు ఆడితేనే మీ అమ్మకి చెయ్యి ఆడేది. నువ్వేమో పళ్లు బిగబట్టి, పరీక్ష రాస్తున్నట్టు అల్లుతున్నావు." నాన్న చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. మిషన్ ఉంది. ఎప్పుడు పెట్టుకున్నాడో నేను గమనించనే లేదు. "ఇప్పుడు పెట్టుకున్నాను. ఏముంది వినడానికి?"

అమ్మ సూదులే మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

"పైవాటా ఆవిడ ఉంది చూడు" అని మొదలుపెట్టాను. అమ్మ ఎప్పుడూ అలాగే మొదలుపెట్టేది. "నిన్న మా మందుల షాపుకొచ్చింది. దగ్గు మందు కావాలట. చేదుండకూడదట, తీపుండకూడదట, నిద్ర రాకూడదట. అయితే మంచినీళ్లు తాగండి అన్నాను."

"ఊఁ."

"మీ అల్లుడికేమో సంచి పట్టుకెళ్లడం నామోషీ. చేతులూపుకుంటూ వెళ్లి, ఉల్లిపాయలు చొక్కాలో మూటగట్టుకుని వచ్చాడు."

నాన్న నవ్వాడు. "ఊఁ. తర్వాత?"

తర్వాత చాలా చెప్పాను. ఆ సాయంత్రం, మర్నాడు, ఆ మర్నాడు. షాపు ఓనరునీ, పిడుగు టీచర్నీ, అన్నయ్యనీ, ఎవరినీ వదిలిపెట్టలేదు. చివరికి తిట్టడానికి తెలిసినవాళ్లు మిగల్లేదు. చేతులు మాత్రం వాటంతటవి ఆడుతున్నాయి.

"అమ్మ మీద బెంగగా ఉంది నాన్నా" అన్నాను, మిగతా కబుర్ల వరసలోనే.

"ఊఁ" అన్నాడు నాన్న. అది సగం విని అన్నది కాదు.

చెయ్యి పూర్తయింది. కుడిదాని పక్కన పెట్టి చూశాను. తెగినచోట వేసిన ముడి లేకపోతే ఏది ఎవరిదో నేనే చెప్పలేను. పిడుగు తొడుక్కుని, రెండు చేతులూ బారజాపి, అద్దం వెతుక్కుంటూ పరిగెత్తింది.

సూదులు సంచిలో పెట్టేస్తున్నాను.

"అయిపోయిందా?" అన్నాడు నాన్న.

"అయిపోయింది నాన్నా."

నాన్న లేచి, ఒంటి మీదున్న స్వెట్టర్ తీసి నా చేతికిచ్చాడు. అదీ అమ్మ అల్లిందే. మోచేతుల దగ్గర కూడా అరగలేదు.

"ఇది విప్పెయ్యమ్మా. నాకు బిగుతైపోయింది."

అమ్మ పోయాక మనిషి సగానికి సగం చిక్కిపోయాడు. ఆ స్వెట్టర్‌లో నాన్నతో పాటు పిడుగు కూడా పడుతుంది. ఆ మాట నేను అనలేదు. కత్తెర తెచ్చి, అంచు దగ్గర అమ్మ వేసిన ముడి వెతికి కోశాను. నాన్న నా ఎదురుగా కుర్చీ లాక్కుని, రెండు చేతులూ చాచాడు.

"ఊఁ, చెప్పు" అన్నాడు.